యోబు అని పేరు పెట్టినందుకు

బైబిలు కాలేజీలో మాకు గ్రీకు అక్షరాలు నేర్పారు. ప్రసంగంలో చెయ్యి ఎంత ఎత్తాలో, గొంతు ఎక్కడ తగ్గించాలో నేర్పారు. ఒక మనిషికి ఏ పేరు పెట్టకూడదో మాత్రం ఎవరూ నేర్పలేదు.

ముప్పై ఏళ్లు పాస్టరుగా చేసి రెండేళ్ల కిందట దిగిపోయాను. మొన్న కొత్తగా పాస్టరు పనిలోకి వస్తున్న తమ్ముళ్లు ఇద్దరు ఇంటికొచ్చారు. "అయ్యగారూ, పాపం చేయనోళ్లకు దేవుడు గిన్ని కష్టాలు ఎందుకు పెడ్తడని జనం అడిగితే ఏం చెప్పాలె?" అన్నారు. నేను గొంతు సవరించుకున్నాను. లోపలి నుంచి మా ఆవిడ, "రాసియ్యుండ్రి. నోటితోని చెప్తే పొద్దు గూకుతది," అంది. అందుకని రాస్తున్నాను.

బదిలీలు, రిపోర్టులు, కమిటీ తగాదాలు ఇందులో ఉండవు. ఒక్క ఇంటి సంగతే రాస్తాను. నా పనిలో నేను నేర్చుకున్నదంతా ఆ ఇంటి దగ్గరే నేర్చుకున్నాను, అదీ చాలా ఆలస్యంగా.

నాలుగు పాయింట్లు

ముందు నా గొప్ప చెప్పుకోవాలి. కష్టాల మీద నా దగ్గర నాలుగు పాయింట్ల ప్రసంగం ఒకటి ఉండేది. ఒకటి, దేవుడు మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు, దాన్ని మనిషి పాడు చేసుకున్నాడు. రెండు, శ్రమ మనల్ని మెరుగుపెడుతుంది. మూడు, దేవుని ఆలోచన మనకు అందదు. నాలుగు, చివరికి ఆయనే ప్రతి కన్నీటి బొట్టూ తుడుస్తాడు. ఒక కాగితం మీద రాసుకుని, మడిచి బైబిల్లో పెట్టుకునేవాణ్ణి. ఎవరు చనిపోయినా మూడోరోజు జరిగే ఆదరణ కూడికలో అదే తీసేవాణ్ణి.

ఎన్నిసార్లు చెప్పానంటే, ఒకసారి మూడో పాయింటు మరిచిపోయి తడబడితే చనిపోయినాయన తమ్ముడు ఏడుపు ఆపి, "దేవుని ఆలోచన అందదు, అయ్యగారూ," అని అందించాడు.

ఆ నాలుగింటిలో ఒక్కటీ అబద్ధం కాదు. ఇప్పటికీ నమ్ముతాను. కానీ ఏడుస్తున్నవాళ్ల ముందు వాటిని విప్పడం పంటినొప్పితో ఉన్నవాడికి వేయించిన పల్లీలు పెట్టినట్టే. పల్లీల తప్పేమీ లేదు.

బాప్తిస్మం

తెలంగాణ రాష్ట్రం వచ్చిన కొన్నాళ్లకు నన్ను కల్వకుర్తి అవతల ఒక ఊరికి వేశారు. అక్కడ గొర్లు కాసుకునే మల్లేశు, ఆయన భార్య ఎల్లమ్మ మా గుడికి రావడం మొదలుపెట్టారు. వాళ్లకు ఒక్కతే బిడ్డ, శిరీష. అయిదో తరగతి. ఆ ఇంట్లో చదువు వచ్చింది ఆ పిల్లకే.

మా దగ్గర బాప్తిస్మం రోజున కొత్త పేరు పెట్టే అలవాటుంది. ఎల్లమ్మను ముందే అడిగాను. "మా అవ్వ పెట్టిన పేరయ్యా. దానికేమైంది? దేవునికి నన్ను గుర్తుపట్టనీకి కొత్త పేరు గావాల్నా?" అంది. సరేనన్నాను. మల్లేశు మాత్రం, "మీ ఇష్టమయ్యా. గొర్లయితే నన్ను పేరు పెట్టి పిలువవు," అన్నాడు.

ఆ రోజు చెరువు నీళ్లలో నిలబడి ఉన్నాను. గట్టు మీద ఆయన మంద. ఎండలో తెల్లగా, నల్లగా, నిండుగా కనబడుతోంది. నాకు ఉత్సాహం వచ్చేసింది. బైబిల్లో బోలెడు గొర్రెలున్న నీతిమంతుడు ఎవరని ఆలోచించాను. "యోబూ!" అని ముంచేశాను.

ఆ తర్వాత అన్నీ పోగొట్టుకున్నదీ ఆ యోబే. అబ్రాహాముకు కూడా గొర్రెలున్నాయి. ఆ క్షణంలో నాకు ఆ రెండు సంగతులూ తట్టలేదు.

పిడుగు

ఆ వానాకాలంలోనే ఒక మధ్యాహ్నం మంద వేపచెట్టు కింద నిలబడి ఉండగా పిడుగు పడింది. మల్లేశు దూరంగా ఉన్నాడు కాబట్టి బతికాడు. మందలో సగానికి పైగా అక్కడికక్కడే పోయాయి.

మా సంఘ పెద్ద సమూయేలు నాకన్నా ముందే వెళ్లాడు. సమూయేలు బస్సు కండక్టరుగా చేసి దిగిపోయినవాడు. టికెట్ లేనివాణ్ణి పట్టుకున్నట్టే పాపం దాచుకున్నవాణ్ణి పట్టుకుంటానని ఆయన నమ్మకం. నేను వెళ్లేసరికి మంచం మీద కూర్చుని మల్లేశును నిలదీస్తున్నాడు.

"రహస్య పాపమేదో ఉంటది. లేకుంటే పిడుగెందుకు పడ్తది? యాదికి తెచ్చుకో."

మల్లేశు అమాయకుడు. నిజంగానే గుర్తు తెచ్చుకోవడం మొదలుపెట్టాడు. "చిన్నప్పుడు జామకాయలు దొంగతనం జేసిన. ఒకసారి సంతల కుంటి గొర్రెను మంచి గొర్రె అని అమ్మిన. మల్ల... బీడీలు మానేసిన అని చెప్పిన గని..."

లోపలి నుంచి ఎల్లమ్మ గొంతు వినిపించింది. "బీడీలా? నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేస్తివి గదనే!"

ఆ పూట ఆదరణ జరగలేదు. బీడీల పంచాయితీ జరిగింది. నేను కాగితం తీయకుండానే ఇంటికొచ్చాను.

మూడోనాడు ఎల్లమ్మే మా ఇంటికొచ్చింది. వెంట శిరీష, చేతిలో బైబిలు. తల్లి మొహం చూస్తే తిండీ నిద్రా లేనట్టుంది.

"అయ్యా, యోబు సంగతి మొత్తం చదివిపిచ్చుకున్న. గాయనకు గూడ పైనించి నిప్పు పడి గొర్లు సచ్చినయంట. నిజమేనా?"

"నిజమేనమ్మా, కానీ..."

"గొర్ల తర్వాత ఒంటెలు పోయినయి. ఒంటెల తర్వాత ఇల్లు కూలి పిల్లలు సచ్చిన్రు. మాకు ఒంటెలు లేవు. ఇగ నేరుగ నా బిడ్డ దగ్గరికే వస్తది. పేరు మార్చుండ్రి."

వాకిట్లో నిలబడ్డ మల్లేశు చాలా శ్రద్ధగా, "పోనీ, ఒక ఒంటెను తెద్దామా?" అన్నాడు.

నేను నవ్వాను. తమ్ముళ్లారా, ఈ ఒక్కటి గీత గీసి పెట్టుకోండి. ఒక తల్లి తన బిడ్డ చచ్చిపోతుందేమోనని భయపడి నా గుమ్మంలో నిలబడితే నేను నవ్వాను. తర్వాత కాగితం తీశాను. రెండో పాయింటు మధ్యలో ఉండగా ఎల్లమ్మ లేచి, "మీరు చదువుకోండ్రి, రేపొస్త," అని వెళ్లిపోయింది. వంటింట్లోంచి మా ఆవిడ, "ఆ నాలుగు పాయింట్లు మన పెండ్లయినకాడి నుంచి వింటున్న. ఆమెకు గావాల్సింది పేరు. పేరు మార్చరాదుండ్రి?" అంది.

కష్టం లేని పేరు

సరే, మారుద్దామనుకున్నాం. కష్టం పడని భక్తుడి పేరు ఒకటి వెతికితే చాలు. ఒక పూట పని అనుకున్నాను.

అబ్రాహాము అన్నాను. ఎల్లమ్మ సంతోషంగా వెళ్లింది. మర్నాడే తిరిగొచ్చింది. "కన్నకొడుకు మీద కత్తి ఎత్తమన్నడట గద!"

"చివరికి ఆపాడు కదమ్మా."

"ఆపిండు, మంచిదే. గని అందాంక తండ్రి పానం ఎట్ల కొట్టుకున్నదో!"

యాకోబు అన్నాను. ప్రియమైన కొడుకు చచ్చిపోయాడనుకుని ఏళ్లకేళ్లు ఏడ్చాడు. వద్దంది. దావీదు బిడ్డ జబ్బు చేసి పోయింది. ఆ పేరు ఎత్తగానే శిరీషను ఒళ్లోకి లాక్కుంది. మోషేను ఎడారిలో నలభై ఏళ్లు నడిపించి, తీరా లోపలికి రానివ్వలేదు. "గిదేం న్యాయం?" అని మల్లేశుకు కోపం వచ్చింది. బాప్తిస్మమిచ్చే యోహాను తల కొట్టేశారు. స్తెఫనును రాళ్లతో కొట్టారు. హనోకు అన్నాను ఆశగా. దేవునితో నడిచాడు, ఏ గొడవా లేదు.

"తర్వాత ఏమైండు?"

"దేవుడు తీసుకుపోయాడు."

"తీసుకపోయిండా? వద్దు!"

ఆఖరికి మెతూషెల దొరికాడు. అందరికన్నా ఎక్కువ కాలం బతికినవాడు. ఏడుపు లేదు, కత్తి లేదు. నోరు తిరగని పేరైనా ఎల్లమ్మ రెండు రోజులు సంతోషంగా ఉంది. మూడోరోజు శిరీష బళ్లో నేర్చుకున్న కూడికలు వేసి, ఆ ముసలాయన సరిగ్గా జలప్రళయం వచ్చిన సంవత్సరమే పోయాడని తేల్చింది. నేనూ వేసి చూశాను. పిల్ల లెక్క తప్పలేదు. బైబిలు కాలేజీలో నాకు ఎవరూ చెప్పని సంగతి.

ఎల్లమ్మ కిందికి కూలబడింది. "అయ్యా, గీ పుస్తకంల ఒక్కడన్న సుఖంగ ఉన్నోడు లేడా?"

ఆలోచించి చెప్పాను. "ఒకాయన ఉన్నాడమ్మా. పట్టుబట్టలు, రోజూ విందు."

"గాయన పేరేంది?"

"పేరు రాయలేదు."

"పాయె! తర్వాత ఏమైండు?"

"నరకానికి పోయాడు."

ఎల్లమ్మ బైబిలు మూసేసింది. తర్వాత, "ఏసయ్యనే మేకులు కొట్టి సంపిన్రు. ఆయన తల్లి కింద నిలబడి సూసింది. సొంత బిడ్డకే తప్పలే, ఇగ మనమెంత?" అంది. విసుగ్గా అన్న మాట అది. కానీ నా ఇన్నేళ్ల చదువులో ఇంత పొట్టిగా ఎవరూ చెప్పలేదు. కష్టం ఎందుకొస్తుందో ఆ పుస్తకం విప్పి చెప్పదు. అందులోకి దేవుడే దిగాడని చెబుతుంది. గబగబా కాగితం మీద రాసుకోబోతుంటే మా ఆవిడ, "మల్లొక పాయింటా?" అంది.

చివరికి మల్లేశు మల్లేశుగానే ఉండిపోయాడు. సంఘం రిజిస్టరులో యోబు అన్న చోట తెల్లరంగు పూశాను. ఎల్లమ్మ వంగి, మాట ఏమాత్రం కనబడడం లేదని చూసుకుని, ఊపిరి పీల్చుకుని ఇంటికెళ్లింది.

దవాఖాన

నెల తిరగకుండా శిరీషకు జ్వరం వచ్చింది. రెండు రోజుల్లో పిల్ల మాట తడబడింది, తర్వాత తెలివి తప్పింది. మహబూబ్‌నగర్‌లో సర్కారు దవాఖానలో చేర్చారు. మెదడువాపు అన్నారు.

నేను వెళ్లేసరికి ఎల్లమ్మ మంచం పట్టీ పట్టుకుని నిలబడి ఉంది. నన్ను చూసి, "తుడిసినా వచ్చింది గదయ్యా," అంది. నేను నవ్విన నవ్వు నాకే గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను.

పక్క మంచం మీద అదే ఈడు పిల్ల, అదే జబ్బు. తల్లి పేరు పద్మ. ఆత్మకూర్ దగ్గర చీరలు నేసే ఇల్లు. వాళ్లు హిందువులు, మా వాళ్లకు ఏ చుట్టమూ కాదు. కానీ రెండో రోజుకే ఆ ఇద్దరు తల్లులకు ఒకే చాప, ఒకే దువ్వెన, ఒకే ఫ్లాస్కు. ఒకరు కునుకు తీస్తే రెండోవాళ్లు ఇద్దరు పిల్లల్నీ చూసేవారు.

నాతో పాటు సమూయేలు రోజూ బస్సులో వచ్చేవాడు. మొదటిరోజే పద్మ దగ్గరికి వెళ్లి, "అమ్మా, ఇంట్ల ఏదన్న రహస్య పాపం..." అని మొదలుపెట్టాడు. ఎల్లమ్మ ఆయన భుజం పట్టి తలుపు వైపు తిప్పింది. "పెద్దయ్యా, కిందికి పోయి చాయ తాగి రా పో." మళ్లీ వచ్చి నోరు తెరిచాడు. మళ్లీ చాయకు పంపింది. ఆ వారంలో సమూయేలు తాగినంత చాయ తన సర్వీసు మొత్తంలో తాగి ఉండడు. నా వంతు కూడా వచ్చింది. నేను బైబిల్లోంచి కాగితం లాగగానే, "మీరు గూడ జర ఆయనకు తోడు పోండ్రయ్యా," అంది. వెళ్లాను. చాయ బాగానే ఉంది.

రోజూ శిరీష నుదుటికి నూనె రాసి ప్రార్థన చేసేవాణ్ణి. "మా పిల్లక్కూడ చెయ్యండయ్యా," అని పద్మ అడిగింది. చేశాను. అదే నూనె, అవే మాటలు. ఇక్కడ ఎక్కువా లేదు, అక్కడ తక్కువా లేదు.

ఆరోరోజు పొద్దున శిరీష కళ్లు తెరిచి మిరపకాయ బజ్జీ కావాలంది. డాక్టరమ్మ కూడా నవ్వింది. ఆ మధ్యాహ్నమే పక్క మంచం పిల్ల చనిపోయింది.

ఎల్లమ్మ తన బిడ్డను వదిలేసి పద్మను పట్టుకుంది. పద్మ వాళ్లు బిడ్డను ఆటోలో ఎక్కించుకుని వెళ్లేదాకా పట్టుకునే ఉంది. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. కాగితం బైబిల్లోనే ఉంది.

సాక్ష్యం

మాలో ఒక పద్ధతి ఉంది. జబ్బు నుంచి లేచినవాళ్లు ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెబుతారు. ఏం జరిగిందో చెప్పి, "దేవునికి స్తోత్రం," అని ముగించాలి. మిగతావాళ్లు, "స్తోత్రం," అనాలి. రెండు నిమిషాల పని.

శిరీష ఇంటికి వచ్చిన ఆదివారం మా సంఘాలన్నీ చూసే పై అయ్యగారు మా ఊరికి వచ్చాడు. ప్రార్థనతో జరిగే స్వస్థతలంటే ఆయనకు ప్రాణం. ప్రతి నెలా, "మీ దగ్గర ఏమైనా జరిగాయా?" అని ఫోను చేసేవాడు. ఎల్లమ్మ సాక్ష్యం ఫొటోతో సహా మా సంఘాల పత్రికలో వేయించాలని ఆయన ఆశ. నా ఆశ కూడా అదే. అబద్ధమెందుకు, పత్రికలో ఫొటో కింద పాస్టరు పేరు కూడా పడుతుంది.

ఎల్లమ్మ మైకు పట్టుకుంది. "అందరికి వందనాలు. నా బిడ్డ బతికింది. ఎడమ చెవు వినపడ్తలేదు గని బతికింది. దేవునికి స్తోత్రం."

"స్తోత్రం!" అన్నారు అందరూ. పై అయ్యగారు చిరునవ్వుతో ఫొటో తీయడానికి ఫోను ఎత్తాడు. ఆమె అక్కడ కూర్చోవాలి. కూర్చోలేదు.

"పక్క మంచం మీద పద్మ బిడ్డ ఉండె. అయ్యగారు ఆ పిల్లకు గూడ గదే నూనె రాసిండు, గదే ప్రార్థన జేసిండు. ఆ పిల్ల సచ్చిపోయింది. నా బిడ్డ బతికింది గనక దేవుడు మంచోడని నేనంటే, మరి పద్మ ఏమనాలె? గిది నాకు సమజైతలేదు. దేవా, నీ మీద నాకు మస్తు కోపమున్నది. గని నిన్నిడిసిపెట్టి ఎవర్ని అడగాలె? నువ్వే చెప్పాలె. చెప్పేదాంక అడుగుతనే ఉంట."

కూర్చుంది. సమూయేలు అలవాటు కొద్దీ, "ఆమె..." అని సగంలో మింగేశాడు. ఎప్పుడూ నోరు తెరవని మల్లేశు మాత్రం గట్టిగా, "ఆమెన్!" అన్నాడు.

భోజనం దగ్గర పై అయ్యగారు, "ఇది వెయ్యలేమండీ," అన్నాడు. "వద్దులెండి," అన్నాను. ఆ పూట ఆయన కోడికూర రెండోసారి వడ్డించుకోలేదు. ఆయన చెడ్డవాడు కాదు.

ఆ సాయంత్రం యోబు కథ మళ్లీ మొదటి నుంచి చదివాను. ఆఖర్లో దేవుడు కోప్పడింది తన మీద అరిచిన యోబు మీద కాదు. పరామర్శకు వచ్చి, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని, కారణాలు చెప్పిన అతని స్నేహితుల మీద. అది నాకు ఎప్పటి నుంచో తెలుసు. ఆ స్నేహితుల్లో నేనొకణ్ణని మాత్రం ఆ సాయంత్రమే తెలిసింది.

పద్మ ఇల్లు

మర్నాడు ఎల్లమ్మ గిన్నెలు మూట కట్టుకుని వచ్చింది. "పద్మ దగ్గరికి పోతున్న. మీరు గూడ రాండ్రి. ఒక్కదాన్ని పోతే ఏడుసుడు తప్ప నాకు ఏం చేతగాదు."

బస్సులో గతుకులకు గిన్నెలోంచి పప్పు కారడం మొదలైంది. "అయ్యా, కాయితముందా?" అని నా బైబిల్లోంచి మడత పెట్టిన కాగితం లాగి, గిన్నె అడుగు శుభ్రంగా తుడిచి, కిటికీలోంచి పారేసింది. నాలుగు పాయింట్లు ఆత్మకూర్ దారిలో ఎక్కడో పడిపోయాయి.

పద్మ ఇంట్లో మగ్గం ఆగి ఉంది. చీర సగంలో ఉంది. పద్మ గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. నాలుగు రోజులుగా ముద్ద ముట్టలేదని వాళ్ల అత్త చెప్పింది. ఎల్లమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది, అంతే. నాకు ఎక్కడ కూర్చోవాలో తెలియక గడప దగ్గర కూర్చున్నాను.

చాలాసేపటికి పద్మ నా వైపు చూసింది.

"మీరు దేవుని మనిషి గద. ఒక్క మాట అడుగుత, నిజం చెప్పుండ్రి. అమ్మవారికి బోనం తప్పినందుకని ఒకలన్నరు. గ్రహం బాగలేదని ఒకలన్నరు. పోయిన జన్మల పాపమని ఒకలన్నరు. దవాఖానల మీతోటి వచ్చిన పెద్దాయన గూడ పాపమే అన్నడు. మా పిల్ల ఏం తప్పు చేసిందయ్యా?"

ఇన్నేళ్లూ దీని మీదే మాట్లాడాను. తీయడానికి బైబిల్లో కాగితం కూడా లేదు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి ఎవరి పాపమని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు, కన్నవాళ్లదీ కాదు అన్నాడు ప్రభువు. ఆ మాట మీద ఎన్నోసార్లు గంటసేపు ప్రసంగం చేశాను. ఎవరి కళ్లలోకీ చూసి ఆ ఒక్క మాటా చెప్పలేదు.

"ఏ తప్పూ చేయలేదు బిడ్డా," అన్నాను. "నువ్వు కూడా చేయలేదు."

ఆ తర్వాత ఏదో ఒకటి చెప్పాలని నాలుక దురద పెట్టింది. ఎల్లమ్మ నన్ను ఒక్క చూపు చూసింది. ఊరుకున్నాను. నాకే ఏడుపు వచ్చింది. పాస్టరు ఏడవకూడదని మాకు నేర్పారు. ఏడ్చాను.

పద్మ గట్టిగా ఏడ్చింది. అప్పటిదాకా ఏడవనే లేదట. ఎల్లమ్మ ఆమె వీపు నిమురుతూనే ఉంది. ఎండ గడప దాటి లోపలికి వచ్చేదాకా అలాగే ఉన్నాం. చివరికి పద్మ కొంగుతో మొహం తుడుచుకుని, గిన్నెల మూట వైపు చూసింది.

"ఏం తెచ్చినవక్కా?"

ఎల్లమ్మ రొట్టె విరిచి, పప్పులో అద్ది, నోటి దగ్గర పెట్టింది. పద్మ నమిలి, మింగింది.

"ఉప్పు తక్కువైంది," అంది.

"ఎర్కే," అంది ఎల్లమ్మ. "తిను." పద్మ ఇంకో ముద్ద అందుకుంది.